జన్యువులో సి, సీడీఎన్‌ఏలో టి: వరి మైటోకాండ్రియా సీక్వెన్సుల్లో ఈ తేడా ఎందుకు?

మొలక రాశారు:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టు కోసం వరి మైటోకాండ్రియాలోని కాక్స్2 జన్యువును చూస్తున్నాను. లేత ఆకుల నుంచి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ తీశాను. ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏగా (ఆర్‌ఎన్‌ఏని చూసి తయారుచేసే డీఎన్‌ఏ ప్రతి) మార్చి, రెండింటికీ ఒకే ప్రైమర్లతో (కావలసిన భాగానికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పీసీఆర్ చేసి సీక్వెన్సింగ్‌కి పంపాను.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, డీఎన్‌ఏలో సి ఉన్న చాలాచోట్ల సీడీఎన్‌ఏలో టి ఉంది. మారినవన్నీ సి నుంచి టికే. ఎ, జి ఎక్కడా మారలేదు. ఒకచోట సీజీజీ కాస్తా టీజీజీ అయింది. ఇంకొన్ని చోట్ల ఒకే స్థానంలో సి చూపే నీలం పీకు, టి చూపే ఎర్ర పీకు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి, ఏది నిజమో తెలియడం లేదు. ఇది పీసీఆర్‌లో ప్రతులు తీసే పాలిమరేజ్ ఎంజైము తప్పు అయ్యుంటుంది, మళ్ళీ చెయ్యమని గైడ్ గారు అన్నారు. మళ్ళీ చేశాను. అవే స్థానాలు, అవే మార్పులు. సబ్మిషన్ దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పగలరా?

---

గోదారబ్బాయి రాశారు:

టెన్షన్ పడకమ్మా, నీ డేటా బాగుంది. పాలిమరేజ్ తప్పు చేస్తే ఎక్కడపడితే అక్కడ చేస్తుంది. రెండుసార్లు చేసినా అవే స్థానాల్లో, అదీ సి నుంచి టికి మాత్రమే మారాయంటే ఆ మార్పు మొక్కలోనే జరిగింది. దీన్ని ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ అంటారు. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ ప్రతి తయారయ్యాక, అందులో ఎంచిన కొన్ని సి అక్షరాల నుంచి అమైనో గుంపు ఊడిపోయి అవి యూ అవుతాయి. నువ్వు సీడీఎన్‌ఏ చదివావు కాబట్టి నీకు యూ బదులు టి కనిపించింది.

నీ సీజీజీ సంగతికి ఒక చరిత్ర ఉంది. 1981లో ఫాక్స్, లీవర్ అనే ఇద్దరు మొక్కజొన్నలో ఇదే కాక్స్2 జన్యువును చదివారు. మిగతా జీవుల్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉండే చోట వాళ్ళకి మొక్కజొన్నలో సీజీజీ కనిపించింది. మామూలు లెక్కలో సీజీజీ అంటే ఆర్జినిన్ అనే వేరే అమైనో ఆమ్లం. అందుకని మొక్కల మైటోకాండ్రియాలో సీజీజీకి అర్థమే వేరు, అక్కడ అది ట్రిప్టోఫాన్ అని తేల్చారు. 8 ఏళ్ళపాటు అందరూ అదే నమ్మారు. 1989లో మూడు బృందాలు విడివిడిగా సీడీఎన్‌ఏలు చదివి చూసేసరికి ఆర్‌ఎన్‌ఏలో అది యూజీజీ, మామూలు ట్రిప్టోఫాన్ గుర్తే. అంటే మొక్కల మైటోకాండ్రియాలో కోడ్ మామూలుదే. ప్రతి తయారయ్యాక దాన్ని దిద్దుతున్నారన్నమాట. నువ్వు చూసింది అదే జన్యువులో, అదే రకం మార్పు. థీసిస్‌లో ఈ కథ తప్పకుండా రాయి.

ఒక్క కాక్స్2 కాదు. అరబిడాప్సిస్ (ల్యాబుల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) మైటోకాండ్రియాలో ప్రోటీన్లకు సంబంధించిన భాగాల్లోనే ఇలాంటి చోట్లు 441 ఉన్నాయని 1999లో లెక్కగట్టారు. క్లోరోప్లాస్ట్‌లో చాలా తక్కువ, 30 పైచిలుకు. క్లోరోప్లాస్ట్‌లో మొదట దొరికింది 1991లో, మొక్కజొన్న ఆర్‌పీఎల్2 జన్యువులో. అక్కడ జన్యువు ఏసీజీతో మొదలవుతుంది. అది ఏయూజీ అయితే తప్ప రైబోజోముకు ప్రోటీన్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

రెండు పీకుల సంగతి: అన్ని ప్రతులూ ఒకేసారి దిద్దబడవు. నువ్వు ఆర్‌ఎన్‌ఏ తీసిన క్షణానికి కొన్ని పూర్తయి ఉంటాయి, కొన్ని మధ్యలో ఉంటాయి. కానీ ఆ మాట రాసే ముందు నీ ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ కలవలేదని చూపించాలి. వరి కాక్స్2లో ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి కోసి తీసేసే భాగం) ఉంది కదా, నీ ప్రైమర్లు దానికి రెండు వైపులా ఉన్నాయా?

---

మొలక రాశారు:

అవునన్నా, రెండు వైపులా ఉన్నాయి. జెల్‌లో డీఎన్‌ఏ బ్యాండు పెద్దది, సీడీఎన్‌ఏ బ్యాండు చిన్నది. చిన్న బ్యాండునే కోసి పంపాను.

---

గోదారబ్బాయి రాశారు:

అయితే సగం పని అయిపోయినట్టే. ఇంట్రాన్ తీసేసిన ప్రతినే చదివావు కాబట్టి అది మైటోకాండ్రియా డీఎన్‌ఏ కాదు. అయినా డీఎన్‌ఏని ముక్కలు చేసే డీఎన్‌ఏస్ వేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (సీడీఎన్‌ఏ తయారుచేసే ఎంజైము) లేకుండా ఒక కంట్రోల్ పెట్టు. వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

---

బోటనీ లెక్చరర్ రాశారు:

చాలా మంచి చర్చ. ఇంటర్ పిల్లలకు నేను "డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్" అని చెప్పి ముందుకు వెళ్ళిపోతాను. మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్ లాంటి కణాంగాల దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యానికి మధ్యలో ఎంత పని ఉందో చూడండి. కోయాలి, అతకాలి, దిద్దాలి, చివరలు చెక్కాలి. మైటోకాండ్రియాలోని ఎన్ఏడీ1, ఎన్ఏడీ2, ఎన్ఏడీ5 జన్యువులైతే ఒక్కచోట కూడా ఉండవు. ముక్కలు జీనోమ్‌లో దూరదూరంగా ఉండి, వేర్వేరు ఆర్‌ఎన్‌ఏలుగా పుట్టి, తర్వాత ఒకటిగా అతుక్కుంటాయి. క్లోరోప్లాస్ట్‌లో ఆర్‌పీఎస్12దీ అదే పద్ధతి.

తల్లి నుంచి వచ్చే వారసత్వం చెప్పడానికి నేను చంద్రకాంత మొక్కనే తీసుకుంటాను. 1909లో కారెన్స్ దాని మచ్చల రకం మీదే ప్రయోగం చేశాడు. తెల్ల కొమ్మ మీది పువ్వుకు ఏ కొమ్మ పుప్పొడి అద్దినా పిల్లలు తెల్లగానే పుడతాయి. ఆకుపచ్చ కొమ్మ పువ్వుకు తెల్ల కొమ్మ పుప్పొడి అద్దినా పిల్లలు పచ్చగానే ఉంటాయి. క్లోరోప్లాస్ట్ అండం గుండా వస్తుంది, పుప్పొడికి అందులో పాత్ర లేదు.

గోదారబ్బాయి గారిని ఒక ప్రశ్న అడగాలి. ఇంత దిద్దుబాటు దేనికి? జన్యువులోనే టి రాసుకుంటే పోయేది కదా?

---

గోదారబ్బాయి రాశారు:

సర్, ఈ ప్రశ్న మీద మా ల్యాబుల్లో కాఫీ టేబుల్ దగ్గర ఇప్పటికీ వాదనలు జరుగుతాయి. నాకు సబబుగా అనిపించే జవాబు ఇది.

దిద్దే పని చేసే ప్రోటీన్లు పీపీఆర్ అనే పెద్ద ప్రోటీన్ కుటుంబంలోవి. ఆ కుటుంబం మొత్తంలో అరబిడాప్సిస్‌లో సుమారు 450 ఉన్నాయి. వీటి జన్యువులన్నీ కేంద్రకంలో ఉంటాయి. ప్రోటీన్ బయట తయారై మైటోకాండ్రియాలోకో క్లోరోప్లాస్ట్‌లోకో వెళుతుంది. ఒక్కో పీపీఆర్‌లో దాదాపు 35 అమైనో ఆమ్లాల ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక్కో ముక్క ఆర్‌ఎన్‌ఏలో ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటుంది. ఆ ముక్కలో రెండు అమైనో ఆమ్లాలు ఏవో తెలిస్తే అది ఏ అక్షరాన్ని పడుతుందో చాలావరకు చెప్పవచ్చని 2012లో తేలింది. ఎడిటింగ్ కోసం ఒక ఫలానా పీపీఆర్ కావాలని మొదట తెలిసింది 2005లో, క్లోరోప్లాస్ట్ ఎన్‌డీహెచ్‌డీ జన్యువు దగ్గర.

ఇలాంటి ప్రోటీన్ కేంద్రకంలో ఉండగా మైటోకాండ్రియా జన్యువులో ఒక టి పొరపాటున సి అయినా మొక్కకు నష్టం లేదు. ఆర్‌ఎన్‌ఏలో దిద్దేస్తారు. నష్టం లేని మార్పు నిలిచిపోతుంది. అలాంటివి పోగుపడ్డాక ఆ పీపీఆర్‌ను వదిలించుకోవడం కుదరదు, ఎందుకంటే ఇప్పుడు దాని అవసరం నిజంగానే ఏర్పడింది. అంటే ఇది మొక్కకు లాభం కోసం వచ్చింది కాదు, వచ్చి ఇరుక్కుపోయింది. దీనికి మంచి సాక్ష్యం మార్కాన్షియా అనే లివర్‌వర్ట్ మొక్క. ఆ మొక్కలో ఎడిటింగ్ అసలే లేదు. అయినా అది హాయిగా బతుకుతోంది.

---

జమ్మికుంట సీడ్ రాశారు:

అందరికీ నమస్తే. నేను రైతును. ఇంటర్ బైపీసీ చదివిన కాబట్టి సగం అర్థమైంది. మా వైపు హైబ్రిడ్ వరి విత్తనం చేస్తాం, ఆడ-మగ వరి అంటాం. ఆడ వరుసలకు పుప్పొడి ఉండదు. మగ వరుసల పుప్పొడి వాటి మీద పడాలని పూత టైంలో పొద్దున పదింటి నుంచి తాడు లాగుతాం. కంకి పొట్టలోంచి బయటికి రావాలని జిబ్బరెల్లిక్ ఆసిడ్ కొడతాం. ఆడ మొక్కకు పుప్పొడి లేకపోవడానికి కారణం మైటోకాండ్రియాలో ఉందని ఒక మీటింగులో విన్నాను. మీరు చెప్పే ఈ ముచ్చటకు, దానికి సంబంధం ఉందా?

ఇంకొకటి. ఆడ మొక్కకు ఆ లోపం తల్లి నుంచి వస్తే, దాని గింజలు కొని నాటిన రైతు పొలంలో గింజ ఎట్ల పడుతుంది? వాటికీ తల్లి అదే కదా.

---

కంది మేడమ్ రాశారు:

అన్నా, సంబంధం ఉండటం కాదు, మీరు చేసే పని మొత్తం దీని మీదే నడుస్తోంది. నేను కంది హైబ్రిడ్ల మీద పనిచేస్తాను కానీ ముందు వరి సంగతే చెప్తాను.

1970లో చైనాలోని హైనాన్ దీవిలో పుప్పొడి లేని ఒక అడవి వరి మొక్క దొరికింది. యువాన్ లాంగ్‌పింగ్ బృందం దాన్ని సాగు వరితో మళ్ళీ మళ్ళీ సంకరం చేసి, ఆ సైటోప్లాజాన్ని (కేంద్రకం బయటి కణద్రవ్యం, మైటోకాండ్రియా ఉండేది అందులోనే) సాగు రకాల్లోకి తెచ్చింది. 1976 నుంచి అక్కడ హైబ్రిడ్ వరి పెద్దఎత్తున సాగైంది. మన దేశంలో మొదటి హైబ్రిడ్లు 1994లో విడుదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఏపీహెచ్ఆర్-1, ఏపీహెచ్ఆర్-2 వాటిలో ఉన్నాయి. మన హైబ్రిడ్లలో ఎన్నింటికో తల్లి అయిన ఐఆర్58025ఏలో ఉన్నది కూడా ఆ హైనాన్ సైటోప్లాజమే. దాన్ని డబ్ల్యూఏ (వైల్డ్ అబార్టివ్) అంటారు.

అందులో తేడా ఏమిటో 2013లో తేలింది. డబ్ల్యూఏ మైటోకాండ్రియాలో డబ్ల్యూఏ352 అనే అదనపు జన్యువు ఉంది. వేరే జన్యువుల ముక్కలు కలిసి ఏర్పడిన అతుకుల జన్యువు అది. దాని ప్రోటీన్ పుప్పొడి తిత్తి లోపలి పొరలో పోగవుతుంది. పుప్పొడి గింజలకు తిండి పెట్టే పొర అదే. కేంద్రకం నుంచి వచ్చే కాక్స్11 అనే ప్రోటీన్‌ను డబ్ల్యూఏ352 పట్టుకుని దాని పని ఆపేస్తుంది. దాంతో ఆ పొర చనిపోవాల్సిన సమయానికి ముందే చనిపోతుంది, పుప్పొడి తయారు కాదు. ఆకు, వేరు, గింజ అన్నీ మామూలే.

ఇక మీ రెండో ప్రశ్న. మీ మగ వరుసలు ఊరికే పుప్పొడి ఇచ్చేవి కావు. వాటి కేంద్రకంలో ఆర్‌ఎఫ్4, ఆర్‌ఎఫ్3 అనే జన్యువులున్నాయి. ఆ పుప్పొడితో కట్టిన గింజలో తల్లి మైటోకాండ్రియా ఉంటుంది, తండ్రి నుంచి ఆర్‌ఎఫ్ వస్తుంది. ఆ ఆర్‌ఎఫ్ డబ్ల్యూఏ352 నోరు నొక్కేస్తుంది. రైతు పొలంలోని ఆ హైబ్రిడ్ మొక్కల్లో కూడా ఆ జన్యువు అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. దాన్ని పని చేయనివ్వట్లేదు, అంతే. హైబ్రిడ్ పంట గింజ దాచుకుని మళ్ళీ వేస్తే కొన్ని మొక్కల్లో తాలు ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం. తర్వాతి తరంలో కొన్నింటికి ఆర్‌ఎఫ్ అందదు.

---

గోదారబ్బాయి రాశారు:

మేడమ్ చెప్పినదానికి కలుపుతాను. ఆర్‌ఎఫ్4 అంటే ఏమిటో 2014లో తెలిసింది. అది ఒక పీపీఆర్ ప్రోటీన్! మొలక చూసిన సి-టి మార్పులు చేసే కుటుంబంలోదే, కాకపోతే దీని పని దిద్దడం కాదు. ఆర్‌ఎఫ్4 ఉంటే డబ్ల్యూఏ352 ఆర్‌ఎన్‌ఏ బాగా తగ్గిపోతుంది. ఆర్‌ఎఫ్3 దారి వేరు. అది ఉన్నప్పుడు ఆర్‌ఎన్‌ఏ తగ్గదు, ప్రోటీన్ మాత్రం తగ్గుతుంది. ఒకే జన్యువును ఒకటి ఆర్‌ఎన్‌ఏ దశలో, ఒకటి ప్రోటీన్ దశలో ఆపుతున్నాయి.

ఈ కణాంగాల్లో జన్యువు ఉందా లేదా అని చూస్తే ఏమీ తెలియదు. అసలు నిర్ణయాలు ప్రతి తయారయ్యాకే జరుగుతాయి, వాటిని తీసుకునేది కేంద్రకం పంపిన ప్రోటీన్లు.

మొలకకు ఒక ప్రయోగం చెప్పాలి. 1993లో గోధుమ ఏటీపీ9 జన్యువును దిద్దని రూపంలోనే పొగాకు కేంద్రకంలో పెట్టి, తయారైన ప్రోటీన్ మైటోకాండ్రియాలోకి వెళ్ళేట్టు చేశారు. ఆ పొగాకు మొక్కల్లో పుప్పొడి పాడైంది. దిద్దిన రూపం పెట్టిన మొక్కలు మామూలుగానే ఉన్నాయి. జమ్మికుంట అన్న అడిగిన సంబంధం అక్కడ నేరుగా కనిపిస్తుంది.

---

మొలక రాశారు:

ఒళ్ళు గగుర్పొడిచింది అన్నా! నా కాక్స్2 సీక్వెన్సుకూ పొలంలో తాడు లాగడానికీ మధ్య ఇంత దగ్గర సంబంధం ఉంటుందనుకోలేదు. ఒక సందేహం. మైటోకాండ్రియా మొక్క అంతటా ఉంటుంది కదా, ఒక్క పుప్పొడే ఎందుకు పాడవుతుంది?

---

కంది మేడమ్ రాశారు:

రెండు కారణాలు చెప్తారు. ఒకటి, పుప్పొడి తయారయ్యే సమయంలో ఆ పొర మీద పడే భారం. మొక్కజొన్నలో లెక్కపెట్టి చూస్తే పుప్పొడి తిత్తి కణాల్లో మైటోకాండ్రియా సంఖ్య 20 నుంచి 40 రెట్లు పెరిగింది. మిగతాచోట్ల కనబడని లోపం అక్కడ బయటపడుతుంది. రెండోది, వరిలో డబ్ల్యూఏ352 ఆర్‌ఎన్‌ఏ మొక్క అంతా ఉన్నా ప్రోటీన్ మాత్రం ప్రధానంగా ఆ పొరలోనే పోగవుతుంది. నాకు రెండోదే బలమైన కారణంగా కనిపిస్తుంది, వరి వరకైనా.

---

పచ్చనాకు రాశారు:

నాదొక ఆందోళన. ఇన్ని హైబ్రిడ్లకు ఒకే తల్లి సైటోప్లాజం అంటే ప్రమాదం కాదా? 1970లో అమెరికాలో మొక్కజొన్న ఏమైందో తెలిసిందే. అప్పటికి అక్కడి మొక్కజొన్న విస్తీర్ణంలో సుమారు 85 శాతం టెక్సాస్ సైటోప్లాజమే. ఆ మైటోకాండ్రియాలో యూఆర్‌ఎఫ్13 అనే ప్రోటీన్ ఉంటుంది. ఆకుమాడు తెగులు శిలీంధ్రంలో ఒక రకం విడిచిన విషం సరిగ్గా ఆ ప్రోటీన్‌నే పట్టుకుని మైటోకాండ్రియా పొరకు చిల్లులు పెట్టింది. దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం పోయింది. పుప్పొడిని ఆపిన ప్రోటీనే తెగులుకు తలుపు తీసింది.

---

కంది మేడమ్ రాశారు:

ఆందోళన న్యాయమైనదే. కానీ ప్రతి నష్టాన్నీ సైటోప్లాజం మీద వేయకూడదు. మన దేశంలో సజ్జ హెచ్‌బీ హైబ్రిడ్లు 1960ల చివర్లో బ్రహ్మాండంగా పండి, 1970ల మొదట్లో వెర్రికంకి తెగులుతో దెబ్బతిన్నాయి. వాటి తల్లి టిఫ్ట్ 23ఏ. చాలామంది దాన్ని కూడా టెక్సాస్ మొక్కజొన్న కేసులాగే చెబుతారు. తర్వాత జరిగిన పరీక్షల్లో ఆ సైటోప్లాజానికీ తెగులుకూ సంబంధం లేదని తేలింది. తెగులు తట్టుకోలేకపోవడం టిఫ్ట్ కేంద్రకం లక్షణం. అందరూ ఒకే తల్లిని వాడటం వల్ల దెబ్బ అన్ని పొలాల్లో పడింది. రెండింటికీ మందు వేరు. టెక్సాస్ మొక్కజొన్న లాంటిదానికి సైటోప్లాజం మార్చాలి, సజ్జ లాంటిదానికి తల్లి రకాన్ని బాగుచేస్తే చాలు.

కందిలో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కజానస్ కజానిఫోలియస్ అనే అడవి జాతి నుంచి ఏ4 సైటోప్లాజం తెచ్చారు. దాంతో వచ్చిన ఐసీపీహెచ్ 2671 హైబ్రిడ్ 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. కొత్త సైటోప్లాజాల కోసం అడవి జాతులు వెతకడం ఆపకూడదని నా గట్టి అభిప్రాయం.

---

పచ్చనాకు రాశారు:

టిఫ్ట్ గురించి ఇంత వివరంగా తెలియదు, ధన్యవాదాలు మేడమ్. క్లోరోప్లాస్ట్ వైపు ఒక ప్రశ్న. యాసంగి నారు చలికి తెల్లబడుతుంది కదా, అదీ ఈ జన్యువుల గొడవేనా?

---

గోదారబ్బాయి రాశారు:

పొలంలో అయితే ముందు జింకు లోపం చూడండి, తెల్లబడిందంటే చలే కారణం అనుకోవద్దు. చలి పాత్ర మాత్రం నిజం. లేత ఆకులో క్లోరోప్లాస్ట్ కట్టుకోవడం రెండు దశల్లో జరుగుతుంది. మొదట కేంద్రకం పంపిన పాలిమరేజ్ ఒకటి వచ్చి, క్లోరోప్లాస్ట్ సొంత పాలిమరేజ్ జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీస్తుంది. ఆ సొంత పాలిమరేజ్ బ్యాక్టీరియా పోలికది. అది తయారయ్యాకే కిరణజన్య సంయోగక్రియ జన్యువుల మీద పని ఊపందుకుంటుంది. మధ్యలో రైబోజోములు కుదరాలి, చలికి దెబ్బతినే అడుగు అదే. క్లోరోప్లాస్ట్ రైబోజోము ప్రోటీన్లలో లోపమున్న మ్యుటెంట్లు చాలావరకు వెచ్చగా ఉంటే పచ్చగా, చల్లగా ఉంటే తెల్లగా కనబడటానికి కారణం ఇదే. ఎండ తగిలి వేడెక్కాక వచ్చే కొత్త ఆకు పచ్చగా ఉంటే నారుకు ఇబ్బంది లేదు.

---

జమ్మికుంట సీడ్ రాశారు:

మేడమ్, అసలు కష్టం ఇప్పుడు చెప్తా. పోయిన యాసంగిలో మా ఆడ వరుసల్లో కొన్ని మొక్కలు పుప్పొడి రాల్చినయ్. చూడటానికి పక్క మొక్క లెక్కనే ఉన్నయ్, పూత వచ్చేదాక ఎవరికీ తెలియలేదు. కంపెనీవాళ్ళు కేళీలు (కలిసిన వేరే రకం మొక్కలు) సరిగా తీయలేదని లాట్ వద్దన్నారు. తాడు లాగిన కూలీ, జిబ్బరెల్లిక్ ఖర్చు అన్నీ మా మీదే పడ్డయ్. చలికి మైటోకాండ్రియా మారిపోయి పుప్పొడి వచ్చిందని ఒకరన్నారు. నిజమేనా?

---

కంది మేడమ్ రాశారు:

అలా చలికి డబ్ల్యూఏ352 మాయమై పుప్పొడి రాదన్నా. డబ్ల్యూఏ రకం వాతావరణానికి అంత తేలిగ్గా లొంగదు, అందుకే అందరూ దాన్ని వాడుతున్నారు.

మీరు చెప్పిన లక్షణాలు బి లైనువి. ఆడ విత్తనం పెంచేటప్పుడు దాని పక్కన బి లైను వేస్తారు. కేంద్రకం రెండింటికీ ఒకటే, అందుకే ఎత్తు, ఆకు, గింజ అన్నీ ఒకేలా ఉంటాయి. మైటోకాండ్రియా మాత్రం మామూలుది, కాబట్టి పుప్పొడి వస్తుంది. ఆ గింజలు ఆడ విత్తనంలో కలిస్తే పూత దాకా కనిపెట్టలేరు. అది మీకిచ్చిన సంచిలోనే కలిసి వచ్చిన కల్తీ, మీ పొలంలో పుట్టింది కాదు. ఒకవేళ ఆ మొక్కలు పొడుగ్గానో వేరే రంగులోనో ఉండి ఉంటే కథ వేరే: పోయిన పంటలో రాలిన గింజలు మొలిచి ఉండొచ్చు, లేదా పరాయి పుప్పొడి పడి ఉండొచ్చు. అవి వరుసలో ఉన్నాయా, వరుసల మధ్య ఉన్నాయా అనేది కూడా చూడాలి. నాటిన వరుసలోనే, అచ్చం ఆడ మొక్కలాగే ఉంటే సంచి మీదే అనుమానం.

ఈసారి విత్తనం ఇచ్చిన రోజే గుప్పెడు గింజలు సంచి నంబరుతో సహా విడిగా దాచండి. ఇచ్చినవాళ్ళ సంతకం కూడా తీసుకోండి. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో తేడాను పట్టే మార్కర్లు ఉన్నాయి, ఏ గింజ ఏ లైనో మొలకెత్తక ముందే చెప్పేస్తాయి. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో అడిగి చూడండి.

---

జమ్మికుంట సీడ్ రాశారు:

ఇది తెలిస్తే ఆ రోజే గట్టిగా మాట్లాడేవాళ్ళం మేడమ్. పొలంలో మేమే చూసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

---

కంది మేడమ్ రాశారు:

ఉంది. పూత మొదలైన రోజు నుంచి పొద్దున్నే ఆడ వరుసల్లో నడవండి. నిజమైన ఆడ మొక్కలో కంకి అడుగుభాగం పొట్టలోనే ఇరుక్కుని ఉంటుంది. బి లైనులో కంకి మొత్తం బయటికి వస్తుంది. కాకపోతే ఈ తేడా జిబ్బరెల్లిక్ కొట్టకముందే చూడాలి, కొట్టాక రెండూ ఒకేలా ఉంటాయి. తర్వాత పుప్పొడి తిత్తులు చూడండి. ఆడ మొక్కవి సన్నగా, పాలిపోయి, ముడుచుకుని ఉంటాయి. బి లైనువి లావుగా, పసుప్పచ్చగా ఉంటాయి, వేలితో తడితే పొడి రాలుతుంది.

అనుమానం ఉంటే అయోడిన్ పరీక్ష. మీ మండలంలో డిగ్రీ కాలేజీ ఉంటే సూక్ష్మదర్శిని, ఒక శాతం అయోడిన్-పొటాషియం అయోడైడ్ ద్రావణం దొరుకుతాయి. ఇంకా విచ్చుకోని పువ్వుల్ని కంకి పైభాగం నుంచి తీసి, తిత్తుల్ని గాజుపలక మీద ఒక చుక్క ద్రావణంలో నలిపి చూడాలి. పిండి నిండిన మంచి పుప్పొడి గుండ్రంగా, నల్లగా కనిపిస్తుంది. డబ్ల్యూఏ పుప్పొడి రంగు పట్టదు, ముడతలు పడి వంకరటింకరగా ఉంటుంది. అనుమానం వచ్చిన మొక్కను అప్పటికప్పుడు వేళ్ళతో సహా పీకి పొలం బయట వేయండి. గట్టు మీద పడేస్తే అక్కడి నుంచి కూడా పుప్పొడి రాలుతుంది.

---

మొలక రాశారు:

గైడ్ గారికి ఈ చర్చ చూపించాను. థీసిస్‌లో ఎడిటింగ్ మీద ఒక అధ్యాయం పెట్టమన్నారు! ఐఆర్58025ఏ, దాని బి లైను రెండింటిలో కాక్స్2తో పాటు డబ్ల్యూఏ352 ఆర్‌ఎన్‌ఏ కూడా చూద్దామనుకుంటున్నాను. సీడీఎన్‌ఏకి ఒలిగో-డీటీ ప్రైమరే (ఆర్‌ఎన్‌ఏ చివరి పాలీ-ఎ తోకకు అతుక్కునేది) వాడాను. అది సరిపోతుందా?

---

గోదారబ్బాయి రాశారు:

సరిపోదు, అదొక్కటి మార్చు. కేంద్రకం ఆర్‌ఎన్‌ఏకి పాలీ-ఎ తోక, అంటే చివర వరుసగా ఉండే ఎ అక్షరాలు, రక్ష. మైటోకాండ్రియాలో, క్లోరోప్లాస్ట్‌లో అదే తోక ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేయడానికి గుర్తు. ఒలిగో-డీటీతో పట్టుకుంటే విరిగిపోతున్న ప్రతులే ఎక్కువ వస్తాయి, ఎడిటింగ్ శాతం కూడా తప్పుగా కనబడవచ్చు. ర్యాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అతుక్కునే ఆరక్షరాల ప్రైమర్లు) గానీ, జన్యువుకు ప్రత్యేకమైన ప్రైమర్ గానీ వాడు. డబ్ల్యూఏ352కి ఇంట్రాన్ లేదు కాబట్టి సైజు చూసి డీఎన్‌ఏ కలిసిందో లేదో చెప్పలేవు, అక్కడ డీఎన్‌ఏస్ కంట్రోల్ తప్పనిసరి. మైటోకాండ్రియా ముక్కలు కేంద్రకంలో కూడా ఉంటాయి. అరబిడాప్సిస్ రెండో క్రోమోజోములో ఒకటి 600 కిలోబేసులు దాటింది. నీ ప్రైమర్లను వరి కేంద్రక జీనోమ్ మీద కూడా బ్లాస్ట్ చేసి (సీక్వెన్సులు పోల్చే ప్రోగ్రాముతో) చూసుకో. ఆకుతో పాటు లేత కంకి నుంచి కూడా ఆర్‌ఎన్‌ఏ తియ్యి, పుప్పొడి తిత్తులు ఇంకా లేతగా ఉన్న దశలో.